తొమ్మిదో గుంజ మీద రెండు మోకులు

ఉదయం పది గంటలకు సరంగు ఓడ మీంచి ఫోను చేశాడు. రేవుకు ఇంకా పద్దెనిమిది మైళ్ల దూరంలో ఉన్నామని, మంచినీళ్లు ఎక్కించుకోవడానికి ఓడ రెండు గంటలు గట్టున ఆగుతుందని, ఆ రెండు గంటలూ తనకు పని చెప్పకుండా పై అధికారి మేటును ఒప్పించానని చెప్పాడు.

"పాపకి ఏం తేను బావగారూ? పదకొండు నెల్లుగా ఆలోచిస్తున్నాను, ఏదీ కొనలేకపోయాను."

"మిమ్మల్ని మీరు తెచ్చుకోండి, చాలు. దారిలో పడేసుకోకండి," అన్నాడు మేస్త్రీ.

"గట్టు ఖాళీగా ఉంటుందా?"

"నేనుండగా ఆ అనుమానమేంటి మీకు? ఖాళీ చేయించి, తుడిపించి పెడతాను. రండి."

మేస్త్రీ ఆ రేవులో ఓడల్ని గట్టుకు కట్టే ముఠాకు పెద్ద. ఇరవై తొమ్మిదేళ్లుగా అదే పని. సరంగు అతని వియ్యంకుడు. ఓడలో కళాసీల మీద పెత్తనం చేస్తాడు. సరంగు కూతురు మేస్త్రీకి కోడలు. సరంగు ఈ ఓడ ఎక్కే నాటికి ఆమెకు ఐదో నెల. ఇప్పుడు పాపకు ఏడు నెలలు. తాత మనవరాల్ని ఫోనులో చూస్తున్నాడు గానీ ఇంతవరకూ ఎత్తుకోలేదు. ఈసారి తప్పితే అతను మళ్లీ ఓడ దిగేది ఐదు నెలల తరవాత.

రేవులోకి వచ్చే దారిలో లోతు తక్కువ. సరంగు ఓడ నిండా సరుకుతో ఉంది కాబట్టి సముద్రం పోటు మీద ఉన్నప్పుడే లోపలికి రాగలదు. రమ్మనో వద్దనో పన్నెండూ ముప్పావుకల్లా ఓడను లోపలికి నడిపించే పైలట్‌కు మాట చెప్పాలి. అది దాటితే ఓడ తిరిగి బయటపడేలోపే నీళ్లు తీసేస్తాయి. అప్పుడు ఓడ బయట లంగరు వేసుకుని కూర్చోదు. మంచినీళ్లు తరవాతి రేవులో పట్టుకోమని కంపెనీ ముందే చెప్పి ఉంచింది.

అది వచ్చి ఆగాల్సిన చోట గోధుమల ఓడ ఉంది. దాని పని తెల్లవారేసరికే అయిపోయింది. పదకొండున్నరకు వెళ్లిపోవాలి. దాని వెనకే, అదే గట్టున, సిమెంటు ఓడ ఉంది. గట్టు అంచున ఇరవై అడుగులకొకటి చొప్పున ఇనుప గుంజలు పాతి ఉంటాయి. గోధుమల ఓడ వెనక మోకూ సిమెంటు ఓడ ముందు మోకూ రెండూ తొమ్మిదో గుంజకే కట్టి ఉన్నాయి.

పదకొండూ పదికి కోడలు పాపను చంకనేసుకుని గట్టు మీదికి వచ్చింది. ఆమెకు రేవు గోదాములోనే పని. తెగిన మోకుల్ని పురివిప్పి, అల్లి, అతుకుతుంది. ఆ రోజుకు సెలవు పెట్టింది. అయినా మోకు కనబడితే చూడకుండా పోలేని మనిషి. ఒక్కో గుంజనూ చూసుకుంటూ వచ్చి తొమ్మిదో గుంజ దగ్గర ఆగిపోయింది.

"మామయ్యా, ఒకసారి ఇటు రండి."

మేస్త్రీ వచ్చాడు. గుంజ వంక చూశాడు. తలకు కట్టుకున్న తువ్వాలు విప్పి మెడ తుడుచుకున్నాడు. వెనకే ముఠా వాళ్లు ఐదుగురూ వచ్చారు. వాళ్లలో ఒకణ్ణి బక్కోడంటారు. బరువు తొంభై ఆరు కిలోలు. వాడు మేస్త్రీ భుజం మీంచి తొంగి చూసి, "ఓరి నాయనో," అన్నాడు.

మోకు చివర ఉచ్చు ఉంటుంది. రేవులో దాన్ని కన్ను అంటారు. ఒకే గుంజకు రెండు ఓడల్ని కట్టాల్సి వస్తే రెండో ఓడ కన్నును మొదటి దాని మీద వేసేయకూడదు. మొదటి కన్నులోంచి కింది నుంచి పైకి దూర్చి, అప్పుడు గుంజకు తగిలించాలి. అలా చేస్తే ఏ ఓడ ముందు వెళ్లాలన్నా రెండోదాన్ని కదపకుండా తన కన్ను తాను తీసుకుని పోవచ్చు. ఇక్కడ దూర్చలేదు. సిమెంటు ఓడ కన్ను పైన కూర్చుంది. గోధుమల ఓడ కన్ను దాని కింద నలిగి ఉంది.

ఈ పాఠం రేవులో చెప్పేదే మేస్త్రీ. కొత్తగా చేరినవాణ్ణి షెడ్డులో స్టూలు ముందు కూర్చోబెట్టి, చేతికి రెండు తాళ్లిచ్చి, నలభైసార్లు వేయిస్తాడు. ముప్పై తొమ్మిదోసారి తప్పినా మళ్లీ ఒకటి నుంచి మొదలు.

సిమెంటు ఓడను కట్టింది మొన్న సాయంత్రం. కన్ను మేస్త్రీ చేతుల్లో ఉండగా జేబులో ఫోను మోగింది. అది సరంగు ఫోను. "బావగారూ, మా ఓడ మీ రేవుకే వస్తోంది," అన్నాడు. మేస్త్రీ ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, "నిజమా? ఏ రోజు? ఎన్నింటికి?" అని అడుగుతూనే కన్ను తీసుకెళ్లి గుంజ మీద పడేశాడు. తరవాత ఇంటికి వెళ్లి అందరికీ కబురు చెప్పాడు. గుంజ సంగతి గుర్తు లేదు.

"పోనీ, పైదాన్ని కాస్త వదులు చేయించి ఎత్తేస్తే?" అంది కోడలు.

మేస్త్రీ సిమెంటు ఓడ ముక్కు వైపు చెయ్యి చూపించాడు. అక్కడ మోకును లాగే వించి మూత తీసి ఉంది. పళ్ల చక్రాలు ఒక గోనెపట్టా మీద పరిచి ఉన్నాయి. ఇద్దరు మెకానిక్కులు వాటికి గ్రీజు పూస్తున్నారు. మోకును ఓడ మీది దిమ్మలకు చుట్టి ఉంచారు. గాలి నేల మీంచి సముద్రం వైపు కొడుతోంది. ఓడ ముక్కు గట్టు నుంచి అవతలికి తోసుకుపోతూ మోకును బిగలాగుతోంది. చేత్తో తడితే కర్రలా ఉంది.

పదకొండున్నరకు రేవు అధికారి స్కూటరు మీద వచ్చాడు.

"ఏం మేస్త్రీ, ఇంకా వదల్లేదేం? బయట టగ్గువాడు నా బుర్ర తినేస్తున్నాడు."

మేస్త్రీ నోరు తెరిచేలోపే బక్కోడు ముందుకొచ్చాడు. "తప్పు నాదే సార్. మొన్న కన్ను దూర్చకుండా వేసేశాను."

"మొన్న నువ్వు సెలవులో ఉన్నావు కదరా."

"సెలవులో ఉండి కూడా వచ్చి వేశాను సార్. నా బుద్ధి అలాంటిది."

"వాడి మాటలకేం గానీ, వేసింది నేనే సార్," అన్నాడు మేస్త్రీ. "ఫోనులో మాట్లాడుతూ వేశాను. రాసుకోండి."

అధికారి గుంజనూ మేస్త్రీనీ మార్చి మార్చి చూశాడు. "నువ్వా? నేను ఉద్యోగంలో చేరిన రోజున స్టూలు ముందు కూర్చోబెట్టి నా చేత నలభైసార్లు వేయించావు. వేళ్లు వాచిపోయాయి."

"మిమ్మల్ని ముప్పైకే వదిలేశాను సార్, ఆఫీసరని."

"మేస్త్రీ, రేపటి నుంచి స్టూలు నేను వేస్తాను, నువ్వొచ్చి కూర్చో," అన్నాడు బక్కోడు. ఎవరో నవ్వారు. మేస్త్రీ నవ్వలేదు. గడియారం చూసుకున్నాడు.

అధికారి తనకు తోచిన దార్లన్నీ వెతికాడు. టగ్గు అంటే పెద్ద ఓడల్ని తోసే, లాగే పడవ. దానితో సిమెంటు ఓడ ముక్కును గట్టుకు నొక్కితే మోకు వదులవుతుంది. కానీ రేవులో ఉన్న టగ్గు ఒక్కటే. అది సరంగు ఓడను తీసుకురావడానికి బయటికి వెళ్లింది. మేస్త్రీ కొడుకే దాని ఇంజను డ్రైవరు. దాన్ని వెనక్కి పిలిపించి మళ్లీ పంపాలంటే గంటన్నర పడుతుంది. వించి బిగించడానికి ఎంతసేపని కేకేసి అడిగితే మెకానిక్కులు సాయంత్రం అన్నారు. మోకు ఇక్కడ వదిలేసి వెళ్లమని గోధుమల ఓడ కెప్టెన్‌ను అడిగితే, వెనక కట్టుకోవడానికి తన దగ్గరున్నవి రెండే మోకులని, ఒకటి వదిలేస్తే వెళ్లిన చోట దేనితో కట్టుకోవాలని అతను ఎదురడిగాడు. సిమెంటు ఓడ మేటు పైనుంచి వంగి, "ముక్కును ఇంకొకటి పట్టుకుని ఉంటే తప్ప ఈ మోకు ముట్టుకోనివ్వను. నా క్రేన్ల కింద మనుషులున్నారు," అన్నాడు. ఆ మాట న్యాయమే. మేస్త్రీ అతని స్థానంలో ఉన్నా అలాగే అనేవాడు.

"ఇక వీల్లేదు మేస్త్రీ. పైలట్‌కి చెప్పేస్తాను, మీ వియ్యంకుడి ఓడ నేరుగా వెళ్లిపోతుంది," అని అధికారి వాకీటాకీ పైకెత్తాడు.

"ఆగండి సార్," అంది కోడలు. "ముక్కును ఇంకొకటి పట్టుకుంటే చాలంటున్నాడు కదా మేటు. పట్టిద్దాం."

"ఏంటి పట్టేది? వించి లేదు, టగ్గు లేదు."

"కప్పీలున్నాయి. గోదాములో మూడు చక్రాల కప్పీలు రెండున్నాయి. మేటుగారు ఇంకో మోకు కిందికి ఇస్తే కప్పీలతో ఎనిమిదో గుంజకు లాగి కడదాం. బరువంతా దాని మీదికొస్తే ఇది వదులైపోతుంది. మా నాన్న వించి పాడైతే ఇలాగే చేసేవాడు. నా చిన్నప్పుడు మంచం కోళ్లకు కట్టి చూపించాడు."

"ఓడనా? చేత్తోనా?"

"చిన్న ఓడే కదా సార్. మనుషులుంటే వస్తుంది."

మేస్త్రీ కోడలి వంక చూశాడు. తరవాత సిమెంటు ఓడను ముక్కు నుంచి తోక దాకా చూశాడు. "వస్తుంది," అన్నాడు. "బక్కోడా, పరిగెత్తు."

పన్నెండూ ఐదుకు కప్పీలు వచ్చాయి. మేటు రెండో మోకును ముక్కు మీంచి కిందికి జారవిడిచాడు. మేస్త్రీ ఒక కప్పీని ఎనిమిదో గుంజకు గొలుసుతో కట్టాడు. రెండో కప్పీని మోకుకు తగిలించాలి. మోకు మీద జారకుండా పట్టే ముడి ఒకటుంది. సన్నతాడుతో మూడు చుట్లు ఒక వైపు, ఒక చుట్టు ఇంకో వైపు వేస్తారు. లాగే కొద్దీ అది బిగుస్తుంది. అది వేయడంలో గోదాములో కోడలికి సాటి లేరు. ఆమె పాపను ఎవరికివ్వాలా అని చుట్టూ చూసింది.

"సార్, కాస్త పట్టుకోండి."

"నేనా? నా చేతిలో వాకీటాకీ ఉందమ్మా."

"రెండోది ఖాళీయే కదా సార్."

పాప అధికారి చేతిలోకి వెళ్లింది. ముందు అతని మీసం చూసింది. తరవాత వాకీటాకీ చూసింది. దాని ఏరియల్ పుల్ల పట్టుకుని నోట్లో పెట్టుకుంది.

మనుషుల కోసం మేస్త్రీ వెళ్లి అడిగాడు. సిమెంటు దించే కూలీలు పన్నెండు మంది భోజనానికి లేస్తున్నవాళ్లు ఆగి వచ్చారు. గోధుమల ఓడలోంచి నలుగురు దిగారు. క్యాంటీన్ అక్క గరిటె పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి వరసలో నిలబడింది.

"నువ్వెందుకే అక్కా?" అన్నాడు బక్కోడు.

"రోజూ నీకు వడ్డించే చెయ్యిరా ఇది. ఓడ ఒక లెక్కా?"

ముఠాలో నలుగురు, కూలీలు పన్నెండు మంది, ఓడవాళ్లు నలుగురు, క్యాంటీన్ అక్క, కోడలు. మొత్తం ఇరవై రెండు మంది. మేస్త్రీ, ముఠాలో ఐదోవాడు తొమ్మిదో గుంజ దగ్గర నిలబడ్డారు. మోకు వదులైన క్షణంలో కన్ను ఎత్తాల్సింది వాళ్లిద్దరే. "ఉచ్చులో ఎవరూ కాలు పెట్టొద్దు. మోకు వెనక ఎవరూ నిలబడొద్దు. నేను ఆగమంటే ఆగాలి," అని మేస్త్రీ రెండుసార్లు చెప్పాడు.

పాట ఎత్తుకుంది బక్కోడు.

"ఫోను మోగింది..."

"హైలెస్సా!"

"పాఠం పోయింది..."

"హైలెస్సా!"

"వియ్యంకుడొస్తే..."

"హైలెస్సా!"

"ఓడే ఆగింది..."

"హైలెస్సా!"

గుంజ దగ్గర మేస్త్రీ తల దించుకుని నవ్వుకున్నాడు. ఆ రోజు అతను నవ్వడం అదే మొదలు.

మొదటి విడత లాగినప్పుడు తాడు సాగింది. ఓడ కదల్లేదు. రెండో విడతకు ముక్కు జానెడు దగ్గరికి వచ్చి, గాలి విసురుకు మళ్లీ జానెడు పోయింది. కూలీల్లో ఒకడు చేతులు ఊదుకుంటూ, "అక్కా, ఇవాళ భోజనం డబుల్," అన్నాడు. "ముందు లాగరా," అంది క్యాంటీన్ అక్క. అప్పటికి పన్నెండూ ఇరవై ఎనిమిది.

వాకీటాకీలో పైలట్ గొంతు వినిపించింది. "కంట్రోల్, రమ్మంటారా వద్దంటారా? మీ చానెల్లో ఎవరో 'బబ్బబ్బ' అంటున్నారు, ఒక్క ముక్క అర్థం కావడం లేదు."

అధికారి పాప వేళ్ల కింద నుంచి బటన్ విడిపించుకున్నాడు. "అది మీ సరంగుగారి మనవరాలు. గట్టు సంగతి ఆవిడే చూస్తోంది. ఇంకో పది నిమిషాలు ఆగండి."

కోడలు తాడు మీంచి చెయ్యి తీయకుండా తల తిప్పి గోధుమల ఓడ తోక మీది జెండానే చూస్తోంది. అది గాలికి సముద్రం వైపు సాగి కొట్టుకుంటోంది. ఉన్నట్టుండి కొస వాలింది. తరవాత గుడ్డ మొత్తం కర్ర మీదికి జారింది.

"గాలి పడిపోయింది! ఇప్పుడు లాగండి!"

ఇరవై రెండు మందీ ఒక్కసారిగా వెనక్కి ఒరిగారు. ఈసారి పాట లేదు, హైలెస్సా ఒక్కటే. ముక్కు జానెడు వచ్చింది. మూరెడు వచ్చింది. ఎనిమిదో గుంజ దగ్గర మోకు బిగిసి, నీళ్లు చుక్కలుగా కారాయి. తొమ్మిదో గుంజ దగ్గర మోకు వంగింది.

"లాగడం ఆపండి! అక్కడే పట్టుకోండి!" అని అరిచి మేస్త్రీ వంగాడు. ఇద్దరూ కలిసి సిమెంటు ఓడ కన్ను ఎత్తి పక్కకు పడేశారు. కింది కన్ను తీసి నీళ్లలోకి వదిలారు. గోధుమల ఓడ దాన్ని చుట్టుకుంటూ పైకి లాక్కుంది. సిమెంటు ఓడ కన్నును మేస్త్రీ మళ్లీ గుంజకు వేశాడు. ఈసారి మధ్యలో ఏ మోకూ లేదు.

పన్నెండూ ముప్పై తొమ్మిదికి అధికారి పైలట్‌కు రమ్మని చెప్పాడు. చెప్పేటప్పుడు గొంతు తగ్గించాడు. హైలెస్సాలకు పాప అతని భుజం మీద నిద్రపోయింది.

గోధుమల ఓడ వెళ్లింది. ఒంటిగంటా ఇరవైకి సరంగు ఓడ గట్టు దగ్గరికి జరిగింది. ముక్కు మీద సరంగు నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గడ్డం గీసుకున్నాడు. చేతిలో సన్నతాడు చుట్ట ఉంది. దాని చివర బరువు కట్టి ఉంటుంది. ముందు దాన్ని గట్టు మీదికి విసిరితే, కింది వాళ్లు అందుకుని, దానికి కట్టిన మోకును లాక్కుంటారు. ముప్పై ఏళ్లుగా సరంగు విసిరిన తాడు గట్టు తప్పలేదని చెప్పుకుంటారు.

సరంగు విసిరాడు. అతని కళ్లు గుంజ మీద లేవు, అధికారి భుజం మీద ఉన్నాయి. తాడు గట్టుకు నాలుగడుగుల దూరంలో నీళ్లలో పడింది.

"బావగారూ! పదకొండు నెల్లూ తిండి పెట్టలేదా అక్కడ? చెయ్యి అలా పడిపోయిందేం?" అని మేస్త్రీ కేకేశాడు.

"నాకు చెబుతారేంటి! పైలట్ అంతా చెప్పాడు! ఉచ్చు వేయడం రాకపోతే నన్ను అడగాల్సింది, ఫోనులోనే ఉన్నాను కదా!"

గట్టు మీద వాళ్లూ ఓడ మీద వాళ్లూ నవ్వారు. సరంగు తడితాడు లాక్కుని మళ్లీ విసిరాడు. అది మేస్త్రీ కాళ్ల ముందు పడింది.

ఓడ కట్టడానికి ఇరవై నిమిషాలు పట్టింది. నిచ్చెన దిగగానే సరంగు ముందు కుళాయి దగ్గరికి వెళ్లి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాడు. తుడుచుకుని, అరచేతులు చూసుకుని, మళ్లీ కడుక్కున్నాడు. కూతురి తల నిమిరాడు.

"కప్పీలు నువ్వే కట్టించావటగా?"

"మంచం కోళ్లకు కట్టినంత తేలిగ్గా లేదు నాన్నా," అంది. "లేపనా దాన్ని?"

"వద్దు వద్దు. పడుకోనీ."

అధికారి కూడా లేపొద్దనే అన్నాడు. పాపను చేతులు మార్చడానికి ఇద్దరు మగవాళ్లకు రెండు నిమిషాలు పట్టింది. తల కింద ఎవరి చెయ్యి ఉండాలో వాదన వచ్చింది. చివరికి సరంగు షెడ్డు నీడలో చెక్కపెట్టె మీద కూర్చుని పాపను ఒళ్లో పెట్టుకున్నాడు. అధికారి చేతులు విదిలించుకుని పుస్తకం తీశాడు. గోధుమల ఓడ ఆలస్యం గంటా పది నిమిషాలని, కారణం కన్ను దూర్చకపోవడమని రాశాడు. మేస్త్రీ తన పేరు చెప్పి, కింద సంతకం పెట్టాడు. "అక్షరాలు తిన్నగానే ఉన్నాయే," అన్నాడు బక్కోడు.

క్యాంటీన్ అక్క టీ పంపింది. సరంగు తాగలేదు. తాగాలంటే ఒక చెయ్యి తీయాలి. మేస్త్రీ పక్కన కూర్చుని ఊళ్లో సంగతులు చెప్పాడు. సరంగు ఊఁ కొట్టాడు గానీ ఒక్క ప్రశ్న వేయలేదు. పాప వేలి గోళ్లు లెక్కపెట్టాడు. చెవులు చూశాడు. ఈగ వస్తే ఊదాడు. అలా గంటా ఇరవై నిమిషాలు గడిచాయి. పాప కళ్లు తెరవలేదు.

"నాన్నా, ఇంకో పావుగంటే ఉంది. ఇప్పుడైనా లేపుతాను," అంది కోడలు.

ఆమె లేపాల్సిన పని లేకపోయింది. కళాసీలు ఓడ మీదికి రావాలని హారన్ మోగింది. పాప ఉలిక్కిపడి లేచింది. ముఖం మీదికి వంగి ఉన్న కొత్త మనిషిని చూసింది. కింది పెదవి ముందుకొచ్చింది. అది వణికింది. తరవాత గోదాము దాకా వినిపించేలా ఏడుపు అందుకుంది. వెనువెంటనే సరంగు ఇస్త్రీ చొక్కా ముందు భాగం తడిసింది. ఆ తడి బెల్టు దాకా పాకింది.

"అయ్యో నాన్నా, ఇటివ్వండి!"

"ఉండవే," అన్నాడు సరంగు. అతని ముఖం వెలిగిపోతోంది. "ఫోనులో ఎప్పుడు చూసినా నవ్వేది. బొమ్మ నవ్వినట్టు ఉండేది. ఇప్పుడు చూడు, ఎంత గట్టిగా తంతోందో! బావగారూ, చూశారా? కాలు చూడండి, కాలు!"

"చూస్తూనే ఉన్నాను. గెడ్డం మీద తన్నింది. ఇంకోసారి తన్నమనండి."

పాప రెండోసారీ తన్నింది. సరంగు దాన్ని భుజానికెత్తుకుని షెడ్డు ముందు నాలుగుసార్లు అటూ ఇటూ నడిచాడు. ఐదోసారికి ఏడుపు వెక్కిళ్లలోకి దిగింది. ఆరోసారికి పాప అతని చెవి పట్టుకుని, దాన్ని వాకీటాకీ పుల్ల అనుకుందో ఏమో, నోట్లో పెట్టుకుంది. సరంగు కదలకుండా నిలబడిపోయాడు.

హారన్ రెండోసారి మోగింది. కోడలు పాపను అందుకుంది. సరంగు నిచ్చెన ఎక్కి ముక్కు మీదికి వెళ్లాడు. మేటు అతని చొక్కా వంక చూసి, "సరంగ్, ఏంటా తడి? వెళ్లి మార్చుకుని రా," అన్నాడు.

"ఆరనీండి సార్. పనికేం అడ్డం?" అని సరంగు మోకు దగ్గరికి నడిచాడు.